తాండూరు బండల మీద గొంగడి: చలికాలంలో అమ్మ పాదాల కోసం కొన్నదాని గురించి

జహీరాబాద్‌లోని మా ఇంట్లో నేలంతా తాండూరు బండలే. ఎండాకాలంలో వాటి చల్లదనం ఎంత హాయినిస్తుందో, కార్తీకం దాటాక అంతగానూ కష్టపెడుతుంది. మా ప్రాంతం సముద్రమట్టానికి 600 మీటర్లకు పైగా ఎత్తున ఉంది. రాష్ట్రంలో అతి తక్కువ ఉష్ణోగ్రతలు నమోదైన చోట్ల జాబితాలో పక్కనున్న కోహీర్ పేరు తరచుగా వినిపిస్తూనే ఉంటుంది. డెబ్బై నాలుగేళ్ల మా అమ్మ తెల్లవారుజామునే లేచి, కిటికీ పక్కన కుర్చీలో కూర్చుని జపం చేసుకుంటుంది. స్వెటరు, శాలువా, చెవులకు మఫ్లరు అన్నీ ఉన్నా "కాళ్లు కొంకర్లు పోతున్నయి బిడ్డా" అనడం మాత్రం మానలేదు. ఆమె పాదాల కోసం నేను కొన్న వస్తువుల్లో చివరికి నిలిచినది ఒక గొంగడి. వరుసగా రెండు చలికాలాలు వాడి చూశాకే దాని గురించి రాస్తున్నాను.

అంతకుముందు ఏమేం కొన్నానో చెబితే గాని గొంగడి దాకా ఎందుకు వచ్చానో అర్థం కాదు. మొదట 2,000 వాట్ల గది హీటరు తెచ్చాను. అది గంటకు రెండు యూనిట్ల కరెంటు కాల్చేది. వేడెక్కిన గాలి పైకప్పు వైపు పోయేది గాని నేలకు ఆనిన పాదాలకు పెద్దగా అందేది కాదు. ఆ తరువాత ఉన్నివని చెప్పి అమ్మిన అక్రిలిక్ మేజోళ్లు కొన్నాను. చెమ్మ లోపలే నిలిచిపోయి, గంట గడిచేసరికి పాదం మునుపటికంటే చల్లబడేది. మూడోది కరెంటుతో వేడెక్కే జెల్ సంచి. దాన్ని తలచుకుంటే ఇప్పటికీ మనసు చివుక్కుమంటుంది. అమ్మకు ఇరవై ఏళ్లుగా మధుమేహం ఉంది, పాదాల్లో స్పర్శ చాలావరకు తగ్గిపోయింది. ఒకరోజు ఆ సంచి మీద అరగంట సేపు కాళ్లు పెట్టుకుని కూర్చుంటే, కాలుతున్న సంగతి ఆమెకు తెలియనే లేదు. సాయంత్రం కాళ్లు కడుగుతున్నప్పుడు మడమ పక్కన రూపాయి బిళ్లంత బొబ్బ నా కంటపడింది. అది మానడానికి ఐదు వారాలు పట్టింది. స్పర్శ తగ్గిన పాదాలకు వేడినీళ్ల సంచిని గాని, హీటింగ్ ప్యాడ్‌ను గాని తగలనివ్వకూడదనీ, స్నానం నీళ్ల వేడిని కూడా కాలితో కాక మోచేతితో చూసుకోవాలనీ డాక్టరు గట్టిగా చెప్పారు. ఆ రోజు నుంచి నేను వేడినిచ్చే వస్తువుల జోలికి పోలేదు; ఒంట్లో ఉన్న వేడిని బయటికి పోనివ్వని వస్తువు కోసం వెతికాను.

తెల్లవారుజామున గదిలోని బండకూ, గొంగడికీ ఉష్ణోగ్రతలో తేడా ఉండదు. అయినా బండ చల్లగా, గొంగడి వెచ్చగా తోచడానికి కారణం, బండ పాదంలోని వేడిని వేగంగా లాగేసుకోవడమే. తాండూరు బండ సున్నపురాయి; ఉన్నితో పోలిస్తే సున్నపురాయికి వేడిని ప్రసరింపజేసే గుణం ఇరవై రెట్లకు పైగా ఎక్కువ. పైగా చలి వేసినప్పుడు శరీరం గుండె, ఊపిరితిత్తుల వంటి లోపలి అవయవాల వేడిని కాపాడుకోవడానికి కాళ్లూ చేతుల చివరి రక్తనాళాలను కుదించుకుంటుంది కాబట్టి, పాదం పోగొట్టుకున్న వేడిని నింపవలసిన రక్తం అక్కడికి సరిగా చేరదు. వయసు మళ్లి, మధుమేహం కూడా ఉన్నవారికి ఆ ఇబ్బంది రెట్టింపవుతుంది. అందుకే ఒంటి నిండా ఎన్ని కప్పుకున్నా బండ మీద పాదం పెట్టినంత సేపూ చలి తీరదు. ఉన్ని పోగుల మధ్య చిక్కుకున్న గాలి ఈ వేడి దారిని అడ్డుకుంటుంది. తన బరువులో సుమారు మూడోవంతు దాకా చెమ్మను పీల్చుకున్నా ఉన్ని తడిగా అనిపించదు. అక్రిలిక్‌కు లేని గుణం ఇదే.

గొంగడిని నారాయణఖేడ్ వైపు ఒక ఊళ్లో, నేసే కురుమ కుటుంబం దగ్గరే 2,800 రూపాయలకు కొన్నాను. దక్కనీ గొర్రెల నల్ల ఉన్నితో చేసినది, రంగు వేయనిది. ఏడాదికి రెండుసార్లు కత్తిరించిన ఉన్నిని ఏకి, ఇంట్లోని ఆడవాళ్లు రాట్నం మీద వడికి, పడుగుకు చింతగింజల గంజి పట్టించి, మగ్గం మీద నేస్తారు. నేను దాన్ని నేల మీద తివాచీలా పరుస్తానని చెప్పగానే ఆ ఇంటి పెద్దాయన ఒప్పుకోలేదు. "ఒక మడత బండకు, ఒక మడత కాళ్ల కిందికి, ఇంకో మడత కాళ్ల మీదికి గావాలె" అని తానే వేసి చూపించారు. ఈ సమీక్షలో అన్నిటికంటే పనికొచ్చే మాట అదేనని నా నమ్మకం. ఒంటి పొరగా పరిచినప్పుడు బండ చలి కొంత తెలుస్తూనే ఉంటుంది. పెద్దాయన చెప్పినట్టు మడిచి, పై మడతను పాదాల మీదికి కప్పితే, పావుగంటలో అమ్మ వేళ్లు నా చేతికి వెచ్చగా తగిలాయి. ఎంతసేపు ఉంచినా ఆ వెచ్చదనం ఒంటి వేడిని మించదు కాబట్టి కాలుతుందన్న భయం లేదు.

రాత్రిపూట అదే గొంగడిని మంచం చివర, బొంత మీద పాదాల వైపు రెండు మడతలుగా వేస్తున్నాను. కాళ్లూ చేతుల చర్మంలోని రక్తనాళాలు విప్పారి అవి వెచ్చబడితే నిద్ర త్వరగా పడుతుందని స్విట్జర్లాండ్‌లోని బాసెల్ పరిశోధకులు 1999లో నేచర్ పత్రికలో రాశారు. అమ్మ విషయంలో నేను చూసినది కూడా అదే: పదకొండింటి దాకా పొర్లుతూ ఉండే మనిషి ఇప్పుడు పదింటికల్లా నిద్రపోతోంది.

లోపాలు కూడా చెప్పాలి. దక్కనీ ఉన్ని మెరినో ఉన్నిలా మెత్తనిది కాదు, ముతకది, గుచ్చుకుంటుంది. మొదటి వారం అమ్మ పాదాలు ఎర్రబడ్డాయి. అప్పటి నుంచి పాదాలకు కొబ్బరినూనె రాసి, అంచు బిగుతుగా లేని పల్చని నూలు మేజోళ్లు తొడిగి, ఆపైనే గొంగడి కప్పుతున్నాను. స్పర్శ లేనివారి విషయంలో ఈ జాగ్రత్త తప్పనిసరి. రోజూ రాత్రి అరికాళ్లు చూడడం కూడా మానకూడదు. కొత్తలో వెంట్రుకలు రాలుతూనే ఉంటాయి. గొంగట్లో తింటూ వెంట్రుకలు ఏరుకోవడం అన్న సామెత ఎంత నిజమో ఇంట్లో ఊడ్చేవారికి తెలుస్తుంది. రెండు నెలలు దులిపి, ఎండలో వేశాక అది చాలావరకు తగ్గింది. తడిస్తే గొర్రె వాసన వస్తుంది, ఆరడానికి రెండు రోజులు పడుతుంది. అన్నిటికంటే పెద్ద ప్రమాదం జారడం. నున్నగా అరిగిన బండ మీద గొంగడి కదులుతుంది. అందుకని దాని కింద రబ్బరు జాలీ వేసి, ఒక అంచును కుర్చీ కాళ్ల కింద నొక్కిపెట్టాను. అమ్మ లేచేటప్పుడు ముందు పై మడత తీసి, ఆ తరువాతే చెప్పుల్లో కాళ్లు పెట్టాలని అలవాటు చేశాం. ఇది కుదరని ఇంట్లో, తూలిపడే వయసువారు ఉన్నచోట గొంగడిని నేల మీద వాడవద్దని చెబుతాను. మంచం మీదికే పరిమితం చేయడం మంచిది.

కొనేవారు ఒక సంగతి గమనించాలి. గొంగడి పేరుతో సంతల్లో మిల్లు కంబళ్లు, సింథటిక్ కలిపినవి కూడా అమ్ముతున్నారు. అంచు నుంచి ఒక పోగు లాగి వెలిగించి చూస్తే తేడా తెలిసిపోతుంది: అసలు ఉన్ని వెంట్రుక కాలిన వాసన వేసి, వేళ్ల మధ్య పొడి అయ్యే బూడిద మిగులుస్తుంది, సింథటిక్ కరిగి గట్టి పూసలా మారుతుంది. మంచి గొంగడి అడిగిన వెంటనే దొరక్కపోవచ్చు కూడా. మాంసం కోసం దక్కనీ గొర్రెలను ఉన్ని లేని నెల్లూరు జాతి పొట్టేళ్లతో కలపడం ఎక్కువయ్యాక, ఉన్ని ఇచ్చే మందలు తగ్గిపోయాయి. ఆ ఊళ్లో ఒకప్పుడు ఇంటింటా ఉన్న మగ్గాల్లో ఇప్పుడు రెండే ఆడుతున్నాయని పెద్దాయన బాధపడ్డారు. అంత శ్రమకు 2,800 ఎక్కువని నాకు ఒక్కసారి కూడా అనిపించలేదు.

చెల్లెలి అత్తగారికి కూడా ఇలాంటిదే ఒకటి కావాలని ఈసారి దసరాకు ముందే చెప్పి పెట్టాను. కుర్చీ కింద వేయడానికి వీలుగా వెడల్పు తగ్గించి, ఉన్నిలో కాస్త మెత్తనిదాన్ని ఏరి నేస్తామన్నారు.