వృద్ధాశ్రమంలో అమ్మ చెవి మిషన్: కొన్నేళ్లు వాడాక నా సమీక్ష

అమ్మ ఆశ్రమంలో చేరినప్పటి నుంచీ చెవి వెనక పెట్టుకునే మిషన్ వాడుతోంది. మొదట బ్యాటరీది, ఇప్పుడు చార్జింగ్‌ది. మిషన్ మంచిదే, కానీ రోజూ దాన్ని పట్టించుకునే మనిషి అక్కడ లేకపోతే ఎంత ఖరీదు పెట్టి కొన్నా సొరుగులో పడి ఉంటుంది.

మిషన్ పెట్టని రోజుల్లో అమ్మ అడిగినదానికి పొంతన లేని జవాబు చెప్పేది, లేదా ఊరికే తలూపేది. అది చూసి అక్కడివాళ్లు మతిమరుపు మొదలైందనేశారు! సరిగ్గా పెట్టిన రోజు అదే మనిషి పక్క మంచం ఆవిడతో గంటసేపు కబుర్లు చెప్తుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం 60 దాటినవాళ్లలో 25 శాతానికి పైగా రోజువారీ పనులకు ఇబ్బంది పెట్టేంత వినికిడి లోపం ఉంది, అంటే ఏ ఆశ్రమంలోనైనా ఇలా మూల కూర్చుండిపోయినవాళ్లు చాలామందే ఉంటారు.

బ్యాటరీ మిషన్ పెద్దవాళ్లకు కష్టం. ఆ జింక్-ఎయిర్ బ్యాటరీ స్టిక్కర్ తీశాక నిమిషంపాటు గాలి తగలనిచ్చి అప్పుడు లోపల పెట్టాలి. హడావిడిలో ఎవరూ ఆగరు, పైగా కీళ్లనొప్పుల వేళ్లతో అమ్మకు అది పట్టుకోవడమే కుదిరేది కాదు. చార్జింగ్‌ది రాత్రి డబ్బాలో పెడితే చాలు. కాకపోతే వాడేకొద్దీ చార్జింగ్ నిలవడం తగ్గింది, ఇప్పుడు రాత్రి భోజనానికల్లా ఆగిపోతోంది.

"మిషన్ పాడైంది" అని ఫోన్ వస్తే నేను ముందు చూసేది గులిమి. చెవిలోకి వెళ్లే కొసన ఆవగింజంత తెల్లటి ఫిల్టర్ ఉంటుంది, అది మూసుకుపోతే మిషన్ మూగబోతుంది. పొద్దున్నే, గులిమి ఎండి ఉన్నప్పుడు, కొస కిందికి పట్టుకుని పొడి బ్రష్‌తో దులపాలి. కుయ్‌మంటుంటే చాలాసార్లు చెవిలో సరిగ్గా కూర్చోలేదనే అర్థం. ఎరుపు గుర్తు కుడి చెవికి, నీలం ఎడమకు. ఇవన్నీ పెద్ద అక్షరాలతో రాసి బీరువా తలుపుకి అంటించాను, డ్యూటీలు మారినా కొత్త ఆయాలు అది చూసి పెడుతున్నారు, వాళ్లకు నిజంగా థాంక్స్.

మిషన్ చేతులెత్తేసేది భోజనాల హాల్లో. కంచాల చప్పుడు, టీవీ, కుర్చీలు లాగడం, అన్నీ కలిపి చెవిలో పోస్తుంది. సౌండ్ పెంచితే ఇంకా టెన్షన్. గోడ వైపు కుర్చీ ఇవ్వమని, తినేటప్పుడు టీవీ ఆపమని అడిగాం, కొత్త మిషన్ కన్నా దీనివల్లే ఎక్కువ తేడా వచ్చింది, మిగతా పెద్దవాళ్లు కూడా మాట్లాడుకోవడం మొదలుపెట్టారు.

మళ్లీ కొనాల్సి వస్తే చార్జింగ్‌దే కొంటాను. మీరు కొనేముందు మాత్రం ఆశ్రమంలో రాత్రి తీసేదెవరు, పొద్దున పెట్టేదెవరు అని పేరుతో సహా అడగండి. బట్టలకు తగిలించే క్లిప్పు తాడు కూడా తీసుకోండి, దుప్పట్లతోపాటు ఉతుకుడుకి పోయే మిషన్లు తక్కువేం కాదు.