కారిబూ వేట ప్యాకేజీ అమ్ముతున్న ఆ పెద్దమనిషికి అడ్వాన్సు పంపకండి

అలాస్కాలో కారిబూల (అడవి రెయిన్‌డీర్ల) వేట యాత్రలు కుదురుస్తానంటూ అమెరికా తెలుగువాళ్ల మధ్య తిరిగే ఆ పెద్దమనిషి ఎవరో మీకు తెలుసు, పేరు రాయనక్కరలేదు. ఆయనకు డబ్బు కట్టబోతున్నవాళ్లు కాస్త ఆగండి. అలాస్కా వాయవ్య తీరంలోని కాట్జెబ్యూ ఊరి నుంచి ఉత్త చేతులతో తిరిగొచ్చాం, సంచులు ఇంకా విప్పనేలేదు.

నోఆటక్ లోయలో ఒక చెరువు పక్కన విమానంలో దించుతారట, మంద గుడారం ముందు నుంచే వెళ్తుందట, దిగిన సాయంత్రమే కాల్చుకోవచ్చట. డబ్బంతా ముందే కట్టించుకున్నాడు.

కాట్జెబ్యూలో పైలట్ మా సామాను తూకం వేసి, ఎక్కడ దించాలని అడిగాడు. చెప్పాను. గోడ మీది పటం దగ్గరకు తీసుకెళ్లి, సరిగ్గా ఆ చెరువు మీద బొటనవేలు ఆనించాడు. అది ఫెడరల్ భూమి, ఆగస్టు, సెప్టెంబరుల్లో బయటివాళ్లకు అక్కడ కారిబూ వేట 2022లోనే మూసేశారు, నేను దించను అన్నాడు. 2003లో 4,90,000 ఉన్న అక్కడి కారిబూ మంద 2022కు 1,64,000కు పడిపోయింది. ఆ మాంసం మీద బతికే ఇనూపియాట్ ఆదివాసుల ఊళ్లకే ముందు దక్కాలి, న్యాయమే. పైగా విమానం దిగిన రోజు వేటే కుదరదు, మర్నాడు తెల్లవారుజామున మూడింటిదాకా ఆగాల్సిందే.

అక్కడి నుంచే పెద్దమనిషికి ఫోను చేశాను. ఏమాత్రం తడబడలేదు. "అంత పెద్ద అడవిలో మిమ్మల్ని ఎవరు చూస్తారండీ?" అన్నాడు! అడవి అట. కాట్జెబ్యూ చుట్టూ చెట్టన్నదే కనబడదు, ఈయన ఆ వైపు ఎప్పుడైనా వెళ్లాడో లేదో. పైలట్ ఒప్పుకోవడం లేదంటే, "వాతావరణం బాగోలేకపోతే డబ్బు వాపసు ఉండదని ముందే చెప్పానుగా" అన్నాడు. ఆకాశంలో మబ్బు తునక లేదు! మా ఎదుటే విమానాలు ఒకదాని వెనుక ఒకటి లేస్తున్నాయి. పక్కన నిలబడి విన్న మా బావమరిది ఫకాలున నవ్వాడు. నాకు మాత్రం ఒళ్లు మండిపోయింది. ఆ తర్వాత ఆయన ఫోను ఎత్తితే ఒట్టు.

అలాస్కా ప్రభుత్వానికి కట్టిన లైసెన్సు 160 డాలర్లు, ఒక కారిబూను కాల్చడానికి తీసుకునే ట్యాగు 650 డాలర్లు కూడా గంగపాలు. వాటికైనా రసీదు ఉంది, సంతోషం.

వెళ్లేవాళ్లు గైడుకైనా, విమానంలో దించేవాడికైనా లైసెన్సు ఉందో లేదో రాష్ట్ర ప్రభుత్వ సైట్లో చూసుకోండి. దించే చోటు ఎవరి భూమో డబ్బు కట్టకముందే అడగండి. కారిబూకు అమెరికా పౌరులకు గైడు తప్పనిసరి కాదు, ఇండియా నుంచి వచ్చే బంధువులను వేటకు తీసుకెళ్తే మాత్రం కావాలి. కార్డుతో కట్టండి, నేరుగా ఖాతాలో వేయకండి. ఈయన చేతిలో దెబ్బతిన్నవాళ్లు ఇంకెవరైనా ఉంటే చెప్పండి, కలిసి ఫిర్యాదు చేద్దాం.