పర్లాకిమిడిలో డీఎక్స్7: ఏళ్ళ తరబడి వాయించాక

యమహా డీఎక్స్7 అనే సింథసైజర్ కీబోర్డు గురించి ఎక్కడ చదివినా రెండు ముక్కలే కనబడతాయి. 1983లో వచ్చి ప్రపంచమంతా పాటల రంగు మార్చేసిందనేది ఒకటి. దాంట్లో సొంతంగా టోన్, అంటే వాయిద్యపు గొంతు, తయారుచేసుకోవడం పెద్ద తలనొప్పి అనేది రెండోది. రెండూ నిజమే. ఒడిశాలోని పర్లాకిమిడిలో ఉంటూ, అటు గుణుపురం నుంచి ఇటు పాతపట్నం దాకా పెళ్ళిళ్ళకీ, చర్చి పాటలకీ, మెలోడీ ప్రోగ్రాములకీ ఈ పెట్టెను మోసుకు తిరిగినవాణ్ణి కాబట్టి నేను చెప్పేది కొంచెం వేరుగా ఉంటుంది. దీని టోన్లు ఇవాళ ఎక్కడైనా ఉచితంగా దొరుకుతాయి. వాటికోసం దీన్ని కొనక్కర్లేదు. కొంటే కీల కోసం కొనాలి. వేలు ఎంత బరువుతో పడిందో దాన్నిబట్టి శబ్దం పెద్దదవడమే కాదు, గొంతే మారిపోతుంది.

బరంపురంలో మూతబడిన ఒక ఆర్కెస్ట్రా సామాను అమ్ముతుంటే ఇది నా చేతికొచ్చింది. ఆ డబ్బుతో అప్పట్లో తబలా లూపులు, సన్నాయి, సంతూర్ అన్నీ ఉన్న కొత్త కీబోర్డే వచ్చేది. మా బావ ఆక్టాపాడ్ (కర్రలతో కొట్టే ఎలక్ట్రానిక్ డ్రమ్ ప్యాడ్) వాయిస్తాడు. పెట్టె తెరిచి, ఉన్న టోన్ల పేర్లన్నీ చూసి, "ఏటి బావా, ఒక్క ఇండియన్ టోనూ లేదు, ఇదెందుకు మనకి?" అన్నాడు. పదకొండో నంబరు టోన్ పెట్టి, ఒకే కీని ముందు మెత్తగా, తర్వాత గట్టిగా కొట్టమన్నాను. కొట్టాడు. మళ్ళీ కొట్టాడు. తర్వాత ఆ సాయంత్రమంతా నాకు చెయ్యి పెట్టనివ్వలేదు.

ఆ పదకొండోదే ఈ.పియానో 1. ఎనభైల నాటి మెలోడీ పాటల్లో గాజు గిన్నె మీద మీటినట్టు వినిపించే ఎలక్ట్రిక్ పియానో చాలావరకు ఇలాంటిదే. దాని లోపల ఏం జరుగుతుందో కొంచెం చూద్దాం, ఎందుకంటే అసలు సంగతంతా అక్కడే ఉంది. డీఎక్స్7లో ప్రతి స్వరానికీ ఆరు ఆపరేటర్లు పనిచేస్తాయి. ఆపరేటర్ అంటే ఒట్టి సైన్ తరంగం పుట్టించే ముక్క. ఎవరు ఎవరిని కదిలించాలో చెప్పే అమరికలు 32. ఈ.పియానో 1 వాడేది అయిదో అమరిక: ఆరు ఆపరేటర్లూ మూడు జంటలు. ప్రతి జంటలో ఒకటి మనకు వినిపిస్తుంది, రెండోది వినిపించదు గానీ మొదటిదాన్ని కదిలిస్తుంది. మొదటి జంటలో కదిలించేది అసలు స్వరానికి 14 రెట్ల వేగంతో తిరుగుతుంది. కీ కొట్టగానే "టింగ్" మని వినబడి మాయమయ్యేది అదే. మిగతా రెండు జంటలూ కింద మెత్తటి ఒళ్ళు ఇస్తాయి.

ఇప్పుడు వేలి బరువును ఎక్కడికి కలిపారో చూడండి. వినిపించే ఆపరేటర్‌కు మాత్రమే కలిపితే గట్టిగా కొట్టినప్పుడు శబ్దం పెద్దదవుతుంది, అంతే. కదిలించే ఆపరేటర్‌కు కలిపారు కాబట్టి శబ్దం పదునెక్కుతుంది. ప్రతి ఆపరేటర్‌కూ ఈ స్పందనను 0 నుంచి 7 దాకా పెట్టుకోవచ్చు. రెండో ఆపరేటర్ దగ్గర దాన్ని సున్నా చేసి వాయించండి. పేరు అదే, తెర మీద అక్షరాలూ అవే, పాట మాత్రం చచ్చిపోతుంది.

ఒక తరంగంతో ఇంకోదాన్ని కదిలించే ఈ పద్ధతి పేరు ఎఫ్ఎం. దీన్ని 1967లో స్టాన్‌ఫర్డ్‌లో జాన్ చౌనింగ్ పట్టుకున్నారు. కంప్యూటర్‌తో ఒక స్వరాన్ని ఊపుతూ, ఆ ఊపు వేగం పెంచుకుంటూ పోయారు. ఒక దశ దాటాక చెవికి ఊపు వినబడటం మానేసి కొత్త నాదం వినబడింది. గమకం వేగం మనిషి గొంతు పట్టలేనంత పెంచితే ఏమవుతుందన్న ప్రశ్నకు అది జవాబు అనుకోవచ్చు. యమహా ఆ హక్కులు తీసుకుని, ఏళ్ళ పాటు చిప్పుల మీద పనిచేసి, చివరికి మామూలు బ్యాండువాళ్ళు మోసుకెళ్ళే పెట్టెలో పెట్టింది.

మామూలు బ్యాండువాళ్ళు అన్నాను గానీ, 14 కిలోలు. కేసుతో కలిపితే ఇంకా ఎక్కువ. సెరంగో వైపు కొండ ఊళ్ళలో క్రిస్మస్ పాటలకు వెళ్ళినప్పుడు జీపు దిగాక ఆ చివరి ఎత్తు ఎక్కడం ఒక శిక్ష. కానీ ఈ వాయిద్యం విలువ నాకు తెలిసింది కూడా అక్కడే. చిన్న చర్చి, ఒక్క స్పీకరు, మైకు లేకుండా పాడే ఆడవాళ్ళు. మా మెలోడీ స్టేజి మీద ఎంత గట్టిగా కొట్టినా సరిపోదు, అక్కడ అంత గట్టిగా కొడితే పాట మునిగిపోతుంది. వాల్యూమ్ స్లైడర్ ముట్టుకోనక్కర్లేదు. వేళ్ళు తేలికగా వేస్తే టింగ్ అంతా పోయి, గుండ్రటి స్వరం ఒక్కటే గొంతుల కింద నిలబడుతుంది. చరణం అయిపోయి మధ్యలో రెండు వరుసలు మనవే అన్నప్పుడు కొంచెం బరువు పెంచితే, అదే టోన్ గంటలా పైకి లేస్తుంది. ఆ మధ్య ఒక పెద్దావిడ "ఆ రెండో పెట్టె ఎక్కడ పెట్టారు నాయనా?" అని అడిగింది.

మిగతా టోన్ల సంగతి తొందరగా చెప్పేస్తాను. బాస్ 1 అద్భుతం. దాని కింద ఆక్టాపాడ్ ఒక్కటి ఉంటే చాలు, డాన్సు పాట నిలబడిపోతుంది. ట్యూబ్యులర్ బెల్స్, మరింబా, హార్ప్‌సికార్డ్ బాగుంటాయి. తట్టినా మీటినా పుట్టే శబ్దాలన్నీ దీనికి కొట్టినపిండి. స్ట్రింగ్స్ మాత్రం ఈ కాలంలో ఎవరికీ నచ్చవు. సన్నగా, కొంచెం గీరుకున్నట్టు ఉంటాయి. పియానో పేరుతో ఉన్నవి పియానోలు కావు. 31వది రైలు, 32వది విమానం ఎగరడం. ఫ్యాక్టరీ టోన్లలో వీటికి చోటు ఎందుకిచ్చారో తెలీదు గానీ, మా వీధి పిల్లలకు ఈ వాయిద్యం మొత్తం 31వ నంబరే.

సన్నాయిలాంటి మహురి టోన్ చేద్దామని చాలాకాలం కూర్చున్నాను. గంజాం, గజపతి జిల్లాల్లో పెళ్ళంటే మహురి మోగాల్సిందే కదా. ఫీడ్‌బ్యాక్ (ఆపరేటర్ తనను తానే కదిలించుకోవడం) పెంచి, కదిలించే ఆపరేటర్లను రెండు, మూడు రెట్ల దగ్గర పెట్టి, పిచ్ బెండ్‌ను రెండు అరస్వరాలకు కట్టి ఒకటి తయారుచేశాను. ఒంటరిగా వింటే ఫరవాలేదు. పెళ్ళి ఊరేగింపులో అసలు మహురి పక్కన పెడితే తేలిపోయింది. ఊపిరితో శబ్దాన్ని నడిపే బ్రెత్ కంట్రోలర్ పెట్టుకోవడానికి దీనికి ప్రత్యేకంగా సాకెట్ ఉంది. ఆ చిన్న వస్తువు దొరికితే మళ్ళీ ప్రయత్నిస్తాను.

స్టేజి మీద ఇబ్బందులు లేకపోలేదు. తెరకు వెనక లైటు లేదు, కాబట్టి రాత్రి ప్రోగ్రాములో ఏ టోన్ మీద ఉన్నామో టార్చి వేసి చూసుకోవాలి. అవుట్‌పుట్ మోనో. లోపల రివర్బ్ (గది ప్రతిధ్వని), కోరస్ (శబ్దాన్ని ఒత్తుగా చేసేది) ఏవీ లేవు. బయట ఒక కోరస్ పెడల్ పెట్టకపోతే ఈ.పియానో ఎండిపోయినట్టు ఉంటుంది, అందుకని పెడల్ ఖర్చు కూడా కలిపి లెక్కేసుకోండి. కీబోర్డును రెండు ముక్కలు చేసి ఎడమ చేతికి బాస్, కుడి చేతికి పియానో పెట్టుకోవడం ఈ మొదటి మోడల్‌లో కుదరదు. ఒకసారికి ఒక్కటే టోన్. నొక్కే బటన్లు పైకి లేచి ఉండవు, రేకులా చదునుగా ఉంటాయి. చెమట చేతులతో హడావిడిలో నొక్కితే నొక్కామో లేదో తెలీదు.

ఇంకో ముఖ్యమైన ముక్క, చాలామంది చెప్పనిది. దీని కీలు ఇంత బాగున్నాయి కదా, లాప్‌టాప్‌కు కలిపి కంట్రోలర్‌గా వాడుకుందాం అనుకుంటారు. వాయిద్యాలూ కంప్యూటరూ స్వరాల సంగతి ఒకదానికొకటి చెప్పుకునే పద్ధతి మిడి. దాన్ని ఇది ఒకటో ఛానెల్ మీదే పంపుతుంది. పైగా వెలాసిటీ (వేలి బరువు అంకె, నిజానికి కొలిచేది కీ దిగే వేగాన్ని) మిడి గరిష్ఠమైన 127 దాకా వెళ్ళదు. ఎంత బాదినా అంతకు బాగా కిందే ఆగిపోతుంది. అందుకే కొత్త సాఫ్ట్‌వేర్ పియానోలు దీంతో వాయిస్తే ముసుగేసుకున్నట్టు వినిపిస్తాయి. మిడి 1983లో అప్పుడే పుట్టిన బిడ్డ, దాన్నేమీ అనలేం.

మెమొరీలో 32 టోన్లు. లోపల ఒక లిథియం బ్యాటరీ వాటిని కాపాడుతుంది, అది టాంకా (సోల్డరింగ్) వేసి ఉంటుంది. బ్యాటరీ పోతే టోన్ల పేర్ల చోట పిచ్చి అక్షరాలు, కీ నొక్కితే పిచ్చి శబ్దాలు. చాలామంది అప్పుడు బోర్డు పోయిందనుకుని తక్కువకు అమ్మేస్తారు. అలాంటిది దొరికితే మీ అదృష్టం. బ్యాటరీ మార్చేటప్పుడు హోల్డర్ పెట్టించుకోండి, మళ్ళీ టాంకా పని ఉండదు. 32 టోన్ల బ్యాంకు మొత్తం సిస్‌ఎక్స్ ఫైలుగా (మిడి ద్వారా టోన్లు పంపే ఫైలు) 4,104 బైట్లు. ఫోన్‌లో వచ్చే ఒక శుభోదయం బొమ్మ దీనికి ఎన్నో రెట్లు ఉంటుంది. లాప్‌టాప్ నుంచి పంపే ముందు పెట్టెలో మెమొరీ ప్రొటెక్ట్ తీసేయాలి, ఫంక్షన్ ఎనిమిదిలో సిస్టమ్ ఇన్ఫోను అవైలబుల్ అని పెట్టాలి. ఈ రెండోది చేయకే చాలామంది కేబులు పాడైందని తిట్టుకుంటారు.

ఇక కొత్తవాటితో పోలిక. కోర్గ్ కంపెనీ చిన్న సింథసైజర్ వోల్కా ఎఫ్ఎం 2016లో వచ్చింది. అరచేతికి కొంచెం పెద్దది, ఆరు ఆపరేటర్లు, అవే 32 అమరికలు, డీఎక్స్7 టోన్లు నేరుగా ఎక్కుతాయి. ఆరు పెన్సిల్ సెల్లులతో నడుస్తుంది, సొంత స్పీకరు కూడా ఉంది. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను మా జిల్లాను కుదిపేసి కరెంటు పోయినప్పుడు నాకు దొరికిన సంగీతం ఇదొక్కటే. దాని సీక్వెన్సర్ (స్వరాల వరుసను దానంతటదే మళ్ళీ మళ్ళీ వాయించేది) తిప్పుతూ కూర్చుంటే చీకటి పడ్డాక పొద్దుపోయేది. ఒకేసారి మూడు స్వరాలే పలుకుతుంది, దానికి నాకేం బాధ లేదు. అసలు తేడా ఇంకోచోట ఉంది. ఈ మొదటి వోల్కాకు మిడిలో వచ్చే వేలి బరువు పట్టదు. డీఎక్స్7 కీలకే కలిపి, అదే ఈ.పియానో 1 పెట్టి, మెత్తగా వాయించినా గట్టిగా వాయించినా ఒకే ముఖం. వెలాసిటీకి వేరే స్లైడర్ ఉంది, కానీ పాట మధ్యలో స్లైడర్ ఎవరు తోస్తారు? 2022లో వచ్చిన వోల్కా ఎఫ్ఎం2లో ఇది సరిచేశారు, స్వరాలూ ఆరయ్యాయి. కొత్తగా కొనేవాళ్ళు దానివైపే చూడండి.

డీఎక్స్7ను లాప్‌టాప్‌లో అనుకరించే డెక్సెడ్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది. మంచి టచ్ ఉన్న మిడి కీబోర్డు పెట్టి వాయిస్తే, హెడ్‌ఫోన్లలో నేను కూడా నూటికి తొంభైసార్లు తేడా పట్టలేను. ఇంట్లో నేర్చుకునేవాళ్ళకు ఇదే చాలు, పాత పెట్టె మోజులో డబ్బు తగలేయకండి. ఆపరేటర్లన్నీ తెర మీద బొమ్మలుగా కనబడతాయి కాబట్టి టోన్ తయారీ కూడా దీంట్లోనే సులువు. నేను టోన్లు ఇందులోనే చేసి పెట్టెలోకి పంపుకుంటాను. స్టేజి మీద మాత్రం జనరేటర్ కరెంటుతో లాప్‌టాప్ నాకు టెన్షన్. డీఎక్స్7 స్విచ్ వేస్తే వెంటనే పలుకుతుంది.

చివరగా మా వాతావరణం. గోపాల్‌పూర్ వైపు సముద్రగాలి, మా వైపు వానాకాలం తేమ, పైన పెళ్ళి పందిళ్ళ దుమ్ము. ఈ కీల కింద వేలి వేగాన్ని కొలిచే తీరు తెలిస్తే ఎందుకు జాగ్రత్తపడాలో తెలుస్తుంది. కీ ఒక కాంటాక్టును వదిలి ఇంకోదాన్ని తాకేలోపు గడిచే సమయమే వేగం. కాంటాక్టు మీద మకిలి పడితే ఆ లెక్క తప్పుతుంది. మెత్తగా కొట్టినా ఆ ఒక్క స్వరం కేక పెడుతుంది, లేదా అసలు పలకదు. నాది రెండు వానాకాలాలకోసారైనా విప్పించి, ఐసోప్రొపిల్ ఆల్కహాల్‌తో తుడిపిస్తాను. కేసులో సిలికా జెల్ పొట్లాలు వేస్తాను. మందుల షాపు వాళ్ళను అడిగితే డబ్బాల్లోవి ఊరికే ఇస్తారు.

సెకండ్ హ్యాండ్‌లో చూసేవాళ్ళు ముందు వెనకాల స్టిక్కర్ చదవండి. జపాన్ నుంచి దిగిన సెట్లు 100 వోల్టులవి ఉంటాయి, మన ప్లగ్గులో నేరుగా పెడితే అంతే సంగతులు. తర్వాత ఈ.పియానో 1 పెట్టి, ఎడమ చివరి నుంచి కుడి చివరి దాకా 61 కీలనూ ఒక్కొక్కటిగా, ముందు మెత్తగా, తర్వాత గట్టిగా కొట్టుకుంటూ వెళ్ళండి. అమ్మేవాడు విసుక్కున్నా ఆపొద్దు. అరుస్తున్న కీలు నాలుగైదు ఉంటే శుభ్రం చేసే ఖర్చు ధరలో తగ్గించమనండి. సగానికి పైగా అలా ఉంటే మాత్రం టోన్లు ఎంత బాగా పలుకుతున్నా వదిలేయండి, ఆ టోన్లు మీకు లాప్‌టాప్‌లో ఊరికే వస్తాయి.