మిరప కల్లం పక్కన గాలి గోపురం

మా ఆఫీసు గురించి రాసేవాళ్లందరూ సోలార్ పలకల దగ్గర మొదలుపెట్టి వాననీటి గుంట దగ్గర ముగిస్తారు. వాటి సంగతి వదిలేస్తున్నాను. ఇబ్రహీంపట్నం థర్మల్ బూడిద ఇటుకలను అంచు మీద నిలబెట్టి, మధ్యలో బోలు వదిలి కట్టిన గోడలు బాగానే ఉన్నాయి. ఇటుక నాలుగో వంతు దాకా మిగులుతుంది, ఎండ వేడి లోపలికి అంత తొందరగా దిగదు. నల్లరేగడి నేల కదా, ప్రహరీ మొదటి వేసవికే బీటలిచ్చింది. లోతుగా పైల్స్ దింపి కట్టారు కాబట్టి భవనానికి ఏమీ కాలేదు. నేను చెప్పదలచుకున్నది గాలి గోపురం గురించి. కొన్నేళ్లుగా నా సీటు దాని కిందే.

గుంటూరు దగ్గర పేరేచర్ల దాటాక పొలాల మధ్య ఉన్న సాఫ్ట్‌వేర్ ఆఫీసు ఇది. హాలు నడుమ రెండంతస్తుల ఎత్తున గోపురం, దానికి పైన రెండు నోళ్లు. పడమటి నోటికి వట్టివేళ్ల తడకలు, వాటి మీద సన్నగా కారే నీళ్లు. తడక గుండా వచ్చిన గాలి చల్లబడి, బరువెక్కి, తనంతట తానే కిందికి దిగుతుంది. రెండో నోరు ఆగ్నేయానికి, సముద్రం వైపు నుంచి వచ్చే పైరగాలి కోసం. దానికి ఉత్త జాలీ మాత్రమే ఉండేది.

మే నెలలో పడమటి గాలి నిప్పులు చెరిగే రోజుల్లో, బయట 44 డిగ్రీలు ఉన్నప్పుడు కూడా నాకు ఏసీ గుర్తుకు రాలేదు. పైగా హాలంతా వట్టివేళ్ల వాసన. మొదటి ఏడాది కనిపించిన ప్రతివాడికీ ఈ గొప్ప చెప్పాను. బెజవాడలో ఉండే మా బావ అయితే కొన్నాళ్లు నా ఫోను ఎత్తడమే మానేశాడు.

తర్వాత పక్క చేలో పత్తి పోయి మిరప వచ్చింది. కల్లం సరిగ్గా మాకు ఆగ్నేయాన పడింది. ఆగ్నేయంలో అగ్ని ఉండాలన్న వాస్తు మాట ఆ రకంగా నెరవేరింది.

కాయలు ఆరబోసినంత సేపూ పెద్దగా ఇబ్బంది లేదు. ఎండిన కాయలను తిరగబోసినప్పుడు, తాలు ఏరేటప్పుడు, టిక్కీల్లోకి, అంటే మిర్చి బస్తాల్లోకి, తొక్కేటప్పుడు లేస్తుంది అసలు ఘాటు. ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా గాలి కూడా ఎక్కువగా అటు నుంచే వీస్తుంది. ఒక మధ్యాహ్నం క్లయింటుతో వీడియో కాల్ నడుస్తుండగా మా టీమ్ లీడర్ తుమ్మడం మొదలుపెట్టాడు. ఆ వెంటనే వరసంతా అందుకుంది. అందరి కళ్లూ ఎర్రబడి నీళ్లు కారుతుంటే, అవతలివాళ్లు మా దగ్గర ఏదో చావు కబురు వచ్చిందనుకుని కాల్ ముగించారు. విషయం చెప్పడానికి కల్లం దగ్గరికి వెళితే, మూతికి గుడ్డ కట్టుకుని తాలు ఏరుతున్న ఒక పెద్దమ్మ తల కూడా ఎత్తలేదు. "మేం పొద్దస్తమానం ఇందులోనే ఉంటాం బాబూ, మీకు మేడలో కూర్చున్నా కష్టమేనా?" అంది. జవాబు ఏముంటుంది?

ఆగ్నేయపు నోటికి టార్పాలిన్ పట్టా కట్టి చూశారు. గాలి ఆడక హాలు ఉడికిపోయింది. అప్పుడు ఎవరికో తట్టి, అక్కడ కూడా వట్టివేళ్ల తడకలు బిగించి నీళ్లు వదిలారు. చిత్రంగా ఘాటు సగానికి పైగా తగ్గింది. ధూళి తడి తడకకు అంటుకుని ఆగిపోయింది. అందరం సంబరపడ్డాం. అయితే తడక మీది నుంచి కారిన నీళ్లు తొట్టిలోకి చేరి, మోటారు ద్వారా మళ్లీ పైకి వెళతాయి. ఆ ధూళంతా అక్కడికే చేరింది. కొన్ని రోజులకు తొట్టి అడుగున ఆవకాయ ఊటలా ఎర్రటి పేరుడు. అది తెలియక పూడిక తీయడానికి మోచేతుల దాకా చేతులు ముంచిన మెయింటెనెన్స్ కుర్రవాడు సాయంత్రం దాకా అల్లాడిపోయాడు. కారం నీళ్లకు లొంగదు, నూనెకు లొంగుతుంది. కొబ్బరినూనె పట్టించి సబ్బుతో కడిగాకే కాస్త తెరిపిన పడ్డాడు. ఇప్పుడు మిరప రోజుల్లో తొట్టి నీళ్లు తరచూ మారుస్తున్నారు, తొడుగులు లేకుండా ఎవరూ చెయ్యి పెట్టరు. నీటి పొదుపు గురించి గోడకు అంటించిన బోర్డు మాత్రం అలాగే ఉంది.

మొదటి ఏటి పొగడ్తకు మరో చోట కూడా కోత పెట్టాలి. జులై, ఆగస్టుల్లో గాలిలోనే తేమ నిండి ఉంటుంది కాబట్టి తడక మీది నీరు ఆవిరి కాదు, ఆవిరి కానిదే చల్లదనం రాదు. అప్పుడు మిగిలేది జిగటే. ఇలాంటి గోపురాలకు అందరూ చూపించేది హైదరాబాద్‌లో 2004లో ప్రారంభమైన సొరాబ్జీ గోద్రెజ్ గ్రీన్ బిజినెస్ సెంటర్ భవనం. అక్కడ గోపురాలు గాలిని ముందుగా చల్లబరిచి ఏసీకి అందిస్తాయి, అంటే ఏసీ భారం తగ్గిస్తాయి. మావాళ్లు ఏసీయే అక్కర్లేదన్నట్లు ప్రచారం చేశారు. గత ఏడాది వానాకాలంలో చడీచప్పుడు లేకుండా మూడు వైపులా ఏసీలు వచ్చాయి.

ఇంతా చెప్పి, సీటు మారతావా అంటే మారను. నాకు ఆయాసం లేదు, పుట్టిపెరిగింది గుంటూరు మిర్చి యార్డు దగ్గర, ఇంటి నుంచి ఆఫీసుకు ప్రయాణం కూడా తక్కువ. మా పక్క సీటు అమ్మాయికి ఉబ్బసం ఉంది; మిరప కోతలు మొదలైతే ఇంటి నుంచే పనిచేస్తుంది. ఆమె రాస్తే ఈ సమీక్ష ఇలా ఉండదు.

ఈసారి మిర్చి ధర బాగాలేదని పక్క చేను కౌలురైతు పొగాకు వేస్తానంటున్నాడు. ఆకు ఆరబెట్టే పందిరి ఏ వైపు వేస్తావని మా మేనేజరు అప్పుడే వెళ్లి అడిగి వచ్చాడు.