ఫెండర్, పీవీ, కార్విన్: గిటార్ల కంపెనీ పెరగడానికి ఏ దారి మేలు?

సికింద్రాబాద్‌లో మేం ప్రాక్టీస్ చేసుకునే గదిలో ఒక పాత పీవీ ఆంప్, అంటే గిటార్ శబ్దాన్ని పెంచే పెట్టె, ఉంది. మూలలకు బిగించిన ప్లాస్టిక్ తొడుగులు రెండు ఊడిపోయాయి, స్పీకర్ ముందున్న గుడ్డ మీద టీ మరక, వాల్యూమ్ నాబ్ చుట్టూ అంకెలు అరిగిపోయి సున్నా ఎక్కడుందో చేతికి తప్ప కంటికి తెలీదు. అయినా స్విచ్ వేస్తే పలుకుతుంది. దాని ముందు కూర్చున్నప్పుడల్లా మాలో ఒకటే వాదన: ఇంటి కంపెనీ పెద్దదైతే సరుకు చెడుతుందా? చెడుతుందనే వాళ్లందరూ ఫెండర్ కథే చెప్తారు. నాకు మాత్రం అది సగం సమాధానమే అనిపిస్తుంది. అందుకే మూడింటిని పక్కపక్కన పెడుతున్నా. మూడూ అమెరికావే, మూడూ గిటార్లూ ఆంప్‌లూ చేసినవే, ముగ్గురు చేతిపని మనుషులు మొదలుపెట్టినవే. పెరిగిన తీరే వేరు.

లియో ఫెండర్‌కి కాలిఫోర్నియాలోని ఫుల్లర్టన్‌లో రేడియోలు బాగుచేసే షాపు ఉండేది. ఆయనకు గిటార్ వాయించడం రాదు. రాదు కాబట్టే వాయించేవాళ్ల మాట విన్నాడని నా నమ్మకం. చేసిన ముక్కని వాళ్ల చేతిలో పెట్టి, ఎక్కడ ఒరుసుకుంటోందో, ఎక్కడ సరిగా పలకడం లేదో చెప్పించుకుని మార్చేవాడు. 1951కల్లా టెలికాస్టర్ గిటార్, ప్రెసిషన్ బేస్ గిటార్ వచ్చేశాయి, 1954లో స్ట్రాటోకాస్టర్, అందరూ స్ట్రాట్ అనే గిటార్, వచ్చింది. స్ట్రాట్ వెనక డొక్కకి తగలకుండా చెక్కిన వంపు కూడా వాయించేవాళ్లు అడిగితే పెట్టిందే. 1960లు వచ్చేసరికి ఆర్డర్లు పెరిగాయి, లియో ఆరోగ్యం దెబ్బతింది, 1965 జనవరిలో టీవీ, రేడియో వ్యాపారం చేసే సీబీఎస్‌కి 1.3 కోట్ల డాలర్లకు కంపెనీ అమ్మేశాడు. ఆ పరిస్థితిలో అమ్మినందుకు ఆయన్ని తప్పుపట్టలేను.

తర్వాత ఏం జరిగిందో నెక్ దగ్గర, అంటే వేళ్లు వేసే పొడవాటి చెక్క బాడీకి కలిసే చోట, చూడాలి. 1971 చివర్లో స్ట్రాట్ నెక్‌కి నాలుగు స్క్రూలు పోయి మూడు బోల్టులొచ్చాయి. నెక్ కూర్చునే గుంట బిగుతుగా ఉంటే మూడూ సరిపోతాయి. గుంట కాస్త వదులుగా ఉందనుకోండి, చేత్తో అదిమితే నెక్ అటూ ఇటూ జరుగుతుంది, జరిగితే సన్న తీగ ఫ్రెట్‌బోర్డు (నెక్ మీద వేళ్లు వేసే పలక) అంచుకి వచ్చేసి వేలు వెయ్యగానే కిందికి జారిపోతుంది. 70ల స్ట్రాట్‌లకి చెడ్డపేరు తెచ్చింది ఈ వదులే. అందరూ తిట్టేది మాత్రం మూడు బోల్టుల్ని. మూడు బోల్టులతో పాటు వచ్చిన, నెక్ వాలు సరిచేసుకునే ఏర్పాటు కనిపెట్టింది లియోనే! అమ్మేశాక ఆయన మ్యూజిక్ మ్యాన్, జీ అండ్ ఎల్ అనే కంపెనీల్లో చేసిన గిటార్లకీ మూడు బోల్టుల నెక్‌లు పెట్టారు, వాటికి ఈ పేరు రాలేదు. అంటే డిజైన్ అదే, గుంట తొలిచే చోట పట్టింపు పోయింది. ఆంప్‌ల సంగతీ అంతే. 60ల చివర వెండి రంగు ప్యానెల్‌తో పాటు లోపలి సర్క్యూట్‌లోనూ కొన్ని మార్పులు చేశారు, కొన్నవాళ్లు ఆ తర్వాత ఎన్నో ఏళ్లు వాటిని విప్పి పాత నల్ల ప్యానెల్ రోజుల సర్క్యూట్‌కి తిప్పించుకున్నారు. కొన్న మనిషి సొంత ఖర్చుతో తయారీదారు చేసిన మార్పుని వెనక్కి తిప్పుకుంటున్నాడంటే ఆ కంపెనీలో ఎవరూ ఎవరి మాటా వినడం లేదనే కదా. చివరికి 1985లో అప్పటి ఫెండర్ అధ్యక్షుడు బిల్ షుల్ట్జ్, ఆయనతో పాటు కొందరు ఉద్యోగులు కలిసి 1.25 కోట్ల డాలర్లకు కంపెనీని కొనుక్కున్నారు. ఇరవై ఏళ్ల తర్వాత, కొన్న ధర కంటే తక్కువకి! ఫుల్లర్టన్ ఫ్యాక్టరీ ఆ బేరంలో లేదు, కరోనా అనే ఊళ్లో మళ్లీ మొదటి నుంచి పెట్టుకోవాల్సి వచ్చింది.

ఇది విని చాలామంది యంత్రాలొస్తే, సంఖ్య పెరిగితే ఇంతే అంటారు. అక్కడే పీవీని చూడమంటాను. లియో అమ్మేసిన 1965లోనే మిసిసిపీలోని మెరీడియన్‌లో హార్ట్‌లీ పీవీ కంపెనీ పెట్టాడు. వాళ్ల నాన్నకి అదే ఊళ్లో వాద్యాల దుకాణం, అంటే కొనేవాడి జేబులో ఎంతుంటుందో చిన్నప్పటి నుంచి చూసినవాడు. రోజూ బార్లలో, చర్చిల్లో వాయించి బతికే మనిషికి అందే ధరలో, పడేసినా పగలని ఆంప్ చెయ్యాలన్నది ఆయన పట్టుదల. 70ల చివర టీ-60 గిటార్ చేసినప్పుడు తుపాకీ మడమలు చెక్కే కంప్యూటర్ యంత్రాల పద్ధతిని గిటార్ చెక్కకి తెచ్చాడు. అప్పటికి గిటార్ల వాళ్లెవరూ ఆ దారిలో పెద్దగా లేరు. ఫలితంగా ఒక నెక్‌కీ ఇంకో నెక్‌కీ తేడా దాదాపు లేకుండా పోయింది, ఏ నెక్ ఏ బాడీలో పెట్టినా బిగుతుగా కూర్చుంది. సీబీఎస్ అంత కంపెనీ కొనలేని యంత్రం కాదిది. యంత్రం దేనికో తెలిసిన మనిషి చేతిలో నిర్ణయం ఉండటమే తేడా. ఆయన బయటివాళ్లకి అమ్మలేదు. అలాగని ఈ దారిలో నొప్పి లేదని కాదు. తక్కువ ధర మీద నిలబడ్డ కంపెనీకి ఇంకా తక్కువ ధరకి చేసేవాడు ఎదురైతే కష్టం. పీవీ తయారీలో చాలా భాగం తర్వాత చైనాకు పోయింది, 2014 ప్రాంతంలో మెరీడియన్‌లో చాలామంది ఉద్యోగాలు పోయాయి. చిన్న ఊరికి అది మామూలు దెబ్బ కాదు.

కార్విన్ మనవాళ్లకి అంతగా తెలియని పేరు. లోవెల్ కీజెల్ 1946లో లాస్ ఏంజెలెస్‌లో పికప్‌లు (తీగ కదలికని కరెంటుగా మార్చే తీగచుట్టలు) చుట్టడంతో మొదలుపెట్టాడు. కొడుకులు కార్సన్, గావిన్ పేర్లు కలిపితే కార్విన్. కేటలాగ్ పోస్టులో పంపడం, ఆర్డర్ తీసుకోవడం, సరుకు నేరుగా ఇంటికి పంపడం, మధ్యలో డీలర్ లేడు. డీలర్‌కి పోవాల్సిన వాటా ఇద్దరూ పంచుకున్నట్టే, కొనేవాడికి ధర తగ్గింది, కంపెనీకి చెక్క మీద ఖర్చు పెట్టే వెసులుబాటు దొరికింది. అంతకంటే పెద్ద లాభం ఇంకోటుంది. ఫిర్యాదు నేరుగా చేసినవాడికే చేరుతుంది, మధ్యలో ఎవరి మీదికీ నెట్టెయ్యడానికి లేదు. నష్టం కూడా అక్కడే ఉంది, చేతిలోకి తీసుకుని వాయించి చూడకుండా కొనాలి. మన పేరూ మన రంగూ మనకు నచ్చిన చెక్కా ఎంచుకుని చేయించుకున్న గిటార్ తిరిగి అమ్మబోతే పెట్టిన డబ్బు రాదు, ఎందుకంటే మన ఇష్టం ఎదుటివాడి ఇష్టం కాదు.

2015లో గిటార్ల భాగం కీజెల్ గిటార్స్‌గా వేరుపడింది, లోవెల్ చిన్నకొడుకు మార్క్, మనవడు జెఫ్ చేతికి వచ్చింది. ఆంప్‌ల భాగం కార్విన్ ఆడియోగా మిగిలి, 2017లో ఫ్యాక్టరీ మూసేసింది. ఒకే ఇల్లు, ఒకే పద్ధతి, ఒకటి నిలిచి ఒకటి ఎందుకు పోయింది? నాకు తోచింది చెప్తాను. గిటార్‌ని ఆర్డరొచ్చాక ఒక్కొక్కటిగా చెయ్యొచ్చు, ఒక్కటి చేసినా గిట్టుతుంది. ఆంప్‌కి ట్రాన్స్‌ఫార్మర్లు, సర్క్యూట్ బోర్డులు, స్పీకర్లు గుట్టగా కొంటే తప్ప లెక్క కుదరదు.

కాబట్టి నా ఓటు రెండుగా చీలుతుంది. గిటార్లు చేసే కుటుంబానికి కార్విన్ దారే మేలు: నెమ్మదిగా, నేరుగా, ఆర్డర్ మీద. ఆంప్‌లు చేసేవాళ్లకి పీవీ దారి: సంఖ్య పెంచాల్సిందే, యంత్రాలు తేవాల్సిందే, నిర్ణయం మాత్రం సోల్డరింగ్ ఐరన్ పట్టుకున్న మనిషి దగ్గరే ఉండాలి. అమ్మడం మూడో స్థానంలో పెడతాను, అదీ లియోలా ఒంట్లో బాగాలేక తప్పనిసరి అయితేనే, డిజైన్ మీదా పరీక్ష మీదా చివరి మాట పాతవాళ్లదేనని ఒప్పందంలో రాయించుకుంటేనే. లియో 1970 దాకా సలహాదారుగా ఉన్నాడు, సలహాదారు మాట వినాలనే రూల్ ఎక్కడా లేదు.

వాడిన గిటార్ కోసం వెతికేవాళ్లు 70ల స్ట్రాట్ ఎదురైతే ఏడాది చూసి పారిపోకండి. బాడీని ఒళ్లో పెట్టుకుని నెక్‌ని రెండు వైపులా మెల్లగా అదమండి, సన్న తీగ అంచు నుంచి ఎంత లోపల ఉందో చూడండి. కదలకపోతే అది బాగా కుదిరిన గిటారే, ఎవరు ఎప్పుడు చేసినా.