సరైన వేగంలో పాత పాటలు: క్యాసెట్ డెక్‌తో నా అనుభవం

1980ల చివర్లో జపాన్‌లో తయారైన క్యాసెట్ డెక్ ఒకటి నా దగ్గర ఉంది. ప్రకాశం జిల్లాలో మేము పెరిగిన ఇంటి నుంచి చెన్నైకి తెచ్చుకున్న క్యాసెట్ల పెట్టె కోసమే దాన్ని కొన్నాను. కొన్నేళ్లుగా దాదాపు ప్రతి సాయంత్రమూ వాడుతున్నాను. పదిహేనేళ్ల వయసులో ప్రాణంగా విన్న పాటలను మళ్లీ వినడానికి నాకు దొరికిన వాటిలో ఇంతకు మించినది లేదు. అయితే అది ధ్వని నాణ్యత వల్ల మాత్రం కాదు.

ఫోనులో వచ్చే పాట కంటే క్యాసెట్ పాట శుభ్రంగా ఉంటుందని ఎవరైనా చెబితే నమ్మకండి. 1963లో ఫిలిప్స్ సంస్థ ఈ క్యాసెట్‌ను తెచ్చినప్పుడు మాటలు రికార్డు చేసుకోవడమే దాని ముఖ్య ఉద్దేశం. టేపు వెడల్పు నాలుగు మిల్లీమీటర్లకు లోపే. అందులోనే రెండు వైపుల స్టీరియో ఇమడాలి. కదిలే వేగం సెకనుకు 4.76 సెంటీమీటర్లు. కనుక సన్నని బుస తప్పదు. దాన్ని తగ్గిస్తుందని డాల్బీ మీట నొక్కుతారు కొందరు. డాల్బీ పద్ధతిలో రికార్డు చేయని క్యాసెట్‌కు అది నొక్కితే బుసతో పాటు గజ్జెలు, తాళాల మెరుపు కూడా పోతుంది. నా దగ్గరున్న తెలుగు క్యాసెట్లన్నిటికీ ఆ మీట ఆపేసే వింటాను. ఆ బుస కాసేపటికి చెవికి అలవాటవుతుంది.

మరి ఎందుకు ఇది మేలు? మొదటి కారణం, పాటను దాటేయడం కష్టం. ఫోనులో నచ్చిన పాట మీదికే వేలు వెళుతుంది. ఆ నాలుగు పాటలే తిరిగి తిరిగి విని, పాత రోజులన్నీ వినేశామనుకుంటాం. మా రోజుల్లో ఒక్కో క్యాసెట్‌లో రెండు సినిమాల పాటలు వచ్చేవి. ఎ వైపు ఊరంతా మోగిన సినిమా ఉంటే, బి వైపు వారం కూడా ఆడని సినిమా ఉండేది. కొన్నది మొదటి దానికోసమే అయినా, టేపు తిరగేసిన ప్రతిసారీ రెండోదీ చెవిన పడేది. ఆ బి వైపు పాటలే ఇప్పుడు నన్ను ఎక్కువగా కదిలిస్తున్నాయి. హిట్ పాటలు ఈ ముప్పై ఏళ్లలో పెళ్లిళ్లలో, టీవీల్లో, బస్సుల్లో వినీ వినీ అరిగిపోయాయి. వాటిలో నా పదిహేనేళ్ల వయసు మిగల్లేదు. బి వైపు పాటలను మాత్రం అప్పటి నుంచి వేరే ఎక్కడా వినలేదు కాబట్టి, ఆ ఇల్లు, ఆ వేసవి మధ్యాహ్నాలు చెక్కుచెదరకుండా వాటిలోనే ఉండిపోయాయి.

రికార్డింగ్ షాపులో ఎక్కించుకున్న క్యాసెట్ల సంగతి ఇంకా గొప్పది. బస్టాండు దగ్గరి షాపులో తెల్లకాగితం మీద పాటల పేర్లు రాసిచ్చి, 60 నిమిషాల ఖాళీ క్యాసెట్ కొనిస్తే, రెండు రోజుల్లో నింపి ఇచ్చేవారు. చివర కాస్త టేపు మిగిలితే షాపతను తనకు నచ్చిన పాట ఒకటి ఎక్కించేవాడు. అది రెండో చరణంలో ఠక్కున తెగిపోయేది. అలాంటి ఒక పాట మిగతా భాగాన్ని ఈమధ్యే ఫోనులో వెతుక్కుని విన్నాను. రెండో చరణం బాగుంది. కానీ అది తెగాల్సిన చోట తెగకపోయేసరికి నా ఊపిరి ఒక్క క్షణం ఆగింది.

ఇక అసలైన విషయం, వేగం. డెక్ కొన్న కొత్తలో, చెన్నైలో ఎలక్ట్రానిక్స్ దుకాణాలుండే రిచీ స్ట్రీట్ పక్క సందులో తెలుగు మాట్లాడే ఒక పెద్దాయన దానికి బెల్టు మార్చారు. మోటారు వెనక రంధ్రంలో ఉన్న చిన్న స్క్రూ చూపించి, "బెల్టు వేసినంత మాత్రాన అయిపోదు బాబూ, శ్రుతి కూడా చూసుకోవాలి" అన్నారు. 3,150 హెర్ట్జ్ నాదం ఉన్న పరీక్ష టేపు పెట్టి, ఆ స్క్రూ తిప్పి, వేగం సరిచేశారు. ఇంటికొచ్చి 1989 నాటి గీతాంజలి క్యాసెట్ పెడితే పాట కిందికి దిగినట్టు, బరువుగా అనిపించింది. ఫోనులో విన్నప్పుడూ నాకు ఎప్పుడూ అలాగే ఉండేది. బహుశా కంపెనీలు ఏదో మార్చి ఉంటాయని అనుకునేవాణ్ణి.

ఒంగోలులో ఉన్న అక్కకు ఫోను చేసి, "అక్కా, ఆ పాట నీకు గుర్తున్నట్టు ఒకసారి పాడు, ఇప్పుడేమీ వినకుండా పాడు" అని అడిగాను. "ఏమిట్రా ఈ వేళప్పుడు" అంటూనే పల్లవి పాడింది. హార్మోనియం మీద మెట్టు చూసుకున్నాను. అసలు పాట కంటే సరిగ్గా అర శ్రుతి, అంటే పక్క మెట్టంత, ఎక్కువ! మా చిన్నప్పటి టేప్ రికార్డర్ వేగంగా తిరిగేదన్నమాట. వేగం ఆరు శాతం పెరిగితే శ్రుతి అంతే పెరుగుతుంది. నాలుగున్నర నిమిషాల పాట పదిహేను సెకన్ల ముందే అయిపోతుంది. మేమిద్దరం పెరిగింది అసలు కంటే సన్నని బాలు గొంతుతో, అసలు కంటే హడావుడిగా సాగే ఇళయరాజా సంగీతంతో. అక్క అడిగిందని ఆ క్యాసెట్‌ను స్క్రూ తిప్పి అర శ్రుతి పెంచి కాపీ చేసి పంపాను. నేను మాత్రం సరైన వేగంలోనే వింటున్నాను. నిదానంగా సాగడం వల్ల చరణాల మధ్య సంగీతంలో బేస్ గిటార్ తనదైన మరో బాణీ వాయించుకుంటూ పోవడం తెలిసింది. అప్పట్లో నేను పాడుకునేది గాయకుల బాణీ ఒక్కటే. ఇప్పుడు ఆ కింది బాణీని కూనిరాగం తీస్తున్నాను.

చెన్నైలో నేనుండే సాలిగ్రామం పేటలోనే ప్రసాద్ స్టూడియో ఉంది. ఇళయరాజా నాలుగు దశాబ్దాలకు పైగా అక్కడ పనిచేసి, 2021లో టి.నగర్‌లోని సొంత స్టూడియోకు మారారు. బాలు గారు 2020 సెప్టెంబరు 25న ఈ ఊళ్లోనే కన్నుమూశారు. ఆయన నివసించిన నుంగంబాక్కం వీధికి ఇప్పుడు ఆయన పేరే. ఈ దారుల్లో నడుస్తుంటే నాకు గర్వంగా ఉంటుంది.

చెన్నైలో క్యాసెట్లకు పెద్ద శత్రువు తేమ. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వానలు ముసిరితే టేపు అంచున తెల్లటి బూజు పడుతుంది. అలాంటిది ఒక్కటి పెట్టినా బూజు డెక్‌లో టేపును చదివే హెడ్‌కు అంటి, తర్వాతి క్యాసెట్లకూ పాకుతుంది. గాలి చొరబడని డబ్బాలో సిలికా జెల్ సంచులతో దాస్తున్నాను. హెడ్‌ను ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో ముంచిన దూదితో తుడుస్తాను, రబ్బరు చక్రానికి తడిగుడ్డ చాలు. పాట ఉన్నట్టుండి మూగబోయినట్టు వినిపిస్తే చాలాసార్లు తప్పు డెక్‌ది కాదు, క్యాసెట్ లోపల టేపును హెడ్‌కు అదిమిపెట్టే చిన్న మెత్త ఊడిపోయి ఉంటుంది. పనికిరాని క్యాసెట్ నుంచి తీసి అతికించవచ్చు. స్క్రూలున్న క్యాసెట్లయితే సులువే, అతికించి మూసేసినవి విప్పాలంటే బ్లేడుతో ఓపిగ్గా కోయాలి.

బాగుచేయలేనిది ఒకటుంది. ఏళ్ల తరబడి చుట్టి ఉంచిన టేపులో ఒక పొర మీది అయస్కాంతపు ముద్ర పక్క పొరకు అంటుతుంది. అందువల్ల పాట మొదలయ్యే రెండు మూడు సెకన్ల ముందు అదే పాట ఎక్కడో దూరంగా వినిపిస్తుంది. లోపమే అయినా, దానికోసం ఎదురుచూస్తాను.

కొనాలనుకునేవారు ముందుగా వోల్టేజి చూడండి. జపాన్‌లో వాడకానికి చేసినవి 100 వోల్టులవి, స్టెప్ డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ లేకుండా మన ప్లగ్గులో పెడితే కాలిపోతాయి. పాత బెల్టులు తారులా కరిగి పుల్లీలకు అంటుకుని ఉంటాయి. ఎంత బాగా పనిచేస్తోందని చెప్పినా బెల్టు ఖర్చు కలుపుకునే బేరమాడండి. మీ పాత క్యాసెట్లు ఇంట్లో లేకపోతే డెక్ జోలికి వెళ్లకండి, ఆ పాటలు ఫోనులో ఇంకా శుభ్రంగా దొరుకుతాయి. అటక మీద పెట్టె ఉంటే మాత్రం ఆలస్యం చేయకండి. మొదటిసారి పెట్టేముందు ప్రతి క్యాసెట్‌నూ ఈ చివరి నుంచి ఆ చివరికి ఒకసారి చుట్టి, తిరిగి వెనక్కి చుట్టండి. అతుక్కున్న పొరలు విడివడతాయి, టేపు తెగదు. ఆ తర్వాత బి వైపుతో మొదలుపెట్టండి.