అంబాసిడర్ వెనక లైట్లతో తొమ్మిదేళ్లు

మాది 1986 అంబాసిడర్, మార్క్ 4, పెట్రోలు బండి. నాన్నగారు కొన్నది. 2016లో నా చేతికొచ్చింది. ఇంజను గురించి చెప్పాల్సింది పెద్దగా లేదు. వయసుకు తగ్గ దగ్గు ఉంది, అంతే. నాకు నిద్ర లేకుండా చేసినవి డిక్కీకి అటూ ఇటూ ఉన్న రెండు లైట్లు. వాటికోసం ఈ తొమ్మిదేళ్లలో కొనని సామాను లేదు. అందులో ఏది పనికొచ్చింది, ఏది డబ్బు దండగ అన్నది ఇది.

గొడవ పెయింటింగ్ తర్వాత మొదలైంది. టింకరింగ్ చేయించి, కొత్త తెల్ల రంగు వేయించి మురిసిపోతూ ఇంటికి తెచ్చిన వారానికే ఎదురింటాయన ఆపారు. "ఏమండీ, మీరు బ్రేక్ తొక్కితే ఎడమ లైటు ఆరిపోతోందండి" అన్నారు. నేను నమ్మలేదు. ఆ సాయంత్రం సీటుకీ పెడల్‌కీ మధ్య చీపురుకర్ర బిగించి వెనక్కి వెళ్లి చూశాను. కుడివైపు భేషుగ్గా ఉంది. ఎడమవైపు పార్కింగ్ లైటు, బ్రేక్ తొక్కినప్పుడు పెరగాల్సింది పోయి దీపం కొండెక్కినట్టు మసకబారింది. ఇంకో వింత, ముందున్న ఎడమ ఇండికేటర్ ఎవరూ వేయకుండానే సన్నగా వెలుగుతోంది.

బల్బులు మార్చాను. హోల్డర్ మార్చాను. ఓ ఎలక్ట్రీషియన్ స్విచ్ పోయిందన్నాడు, అదీ మార్చాడు. మూడు వారాలు, నాలుగు వేల రూపాయలు. లైటు మాత్రం అలాగే ఉంది. చివరికి సామాను కోసం విజయవాడ ఆటోనగర్ వెళ్తే, అక్కడో పెద్ద మేస్త్రి గారు బండి దగ్గరికి కూడా రాకుండా, టీ తాగుతూనే, "పెయింట్ వేయించారా? అయితే ఎర్త్ అందట్లేదండి, అంతే" అన్నారు.

అదే నిజం. పాత బండిలో వెనక లైట్లకి ప్లస్ వైర్లే వెళ్తాయి, మైనస్ వైరు ఉండదు. కరెంటు తిరుగు దారి బండి బాడీయే, దాన్నే ఎర్త్ అంటారు. లైటు చట్రం బోల్టుతో బాడీకి ఆనుకుని ఉంటే చాలు, ఎర్త్ అందుతుంది. మా పెయింటర్ ఆ బోల్టు చోటు కూడా వదలకుండా నున్నగా రంగు వేశాడు. పాపం, పనితనం చూపించాడు. ఇనుముకీ ఇనుముకీ మధ్య రంగు పొర చేరింది.

దారి మూసేస్తే కరెంటు ఊరుకోదు, దొడ్డిదారి వెతుక్కుంటుంది. మా బండిలో బ్రేకుకీ పార్కింగ్‌కీ ఒకటే బల్బు. అందులో 21 వాట్ల తీగ ఒకటి, 5 వాట్ల తీగ ఒకటి, రెంటికీ ఎర్త్ ఒకటే. ఎర్త్ లేనప్పుడు పార్కింగ్ కరెంటు 5 వాట్ల తీగలోంచి వచ్చి, పక్కనున్న 21 వాట్ల తీగలోకి వెనక నుంచి దూరి, బ్రేక్ వైరు పట్టుకుని కుడివైపు బల్బు దాకా పోయి అక్కడ బాడీని అందుకుంటుంది. అందుకే బ్రేక్ తొక్కనంతసేపూ అంతా బాగానే ఉన్నట్టు కనిపిస్తుంది. తొక్కగానే ఆ బ్రేక్ వైర్లోకీ 12 వోల్టులు వచ్చేస్తాయి, దొడ్డిదారి మూసుకుపోతుంది. ఇక మిగిలింది అదే చట్రంలో ఉన్న ఇండికేటర్ బల్బులోంచి ముందుకి పోయే దారి ఒక్కటే. ముందున్న ఇండికేటర్ ఎందుకు వెలిగిందో నాకు అప్పుడు అర్థమైంది. బ్రేక్ తొక్కితే ఇండికేటర్ వెలగడం, ఇండికేటర్ వేస్తే పార్కింగ్ లైటు కన్ను కొట్టడం లాంటి పిచ్చి చేష్టలు కనిపిస్తే బల్బుల జోలికి పోకండి, ముందు ఎర్త్ చూడండి.

ఇక సామాను సంగతి.

వోల్టులు కొలిచే మల్టీమీటర్ మొదట నన్ను మోసం చేసింది. బల్బు తీసేసి హోల్డర్లో మీటరు పెడితే 12.4 వోల్టులు చూపించింది. సప్లై బాగుందనుకున్నాను. ఎక్కడో సరిగ్గా ఆనకపోయినా మీటరు అంతే చూపిస్తుంది, దానికి కావాల్సిన కరెంటు అంత తక్కువ. 21 వాట్ల బల్బుకి ఒకటిముప్పావు ఆంపియర్ కావాలి, సరిగ్గా ఆనని చోట అంత కరెంటు రాదు. అందుకని బల్బు పెట్టి, బ్రేక్ తొక్కి ఉంచి, మీటరు ఒక కొస బ్యాటరీ మైనస్‌కీ, రెండోది హోల్డర్ ఒంటికీ ఆనించాలి. సున్నాకి దగ్గరగా ఉండాలి. మా బండిలో 7 పైన చూపించింది. గరుకు కాగితంతో బోల్టు చోట ఇనుము తళతళలాడేలా గీకి, అంచున పళ్లుండే వాషరు వేసి, ఇంకో ఎర్త్ వైరు విడిగా డిక్కీ నేలకి బిగించాక 0.1కి దిగింది. పైన కాస్త వాజ్‌లైన్ పూశాను, తుప్పు పట్టకుండా. ఖర్చు అరవై రూపాయలు. తొమ్మిదేళ్లలో ఒక్కసారి మళ్లీ గీకాల్సి వచ్చింది.

కరెంటు వస్తోందో లేదో వెలిగి చూపే టెస్ట్ లాంప్ కొనలేదు, పాత 21 వాట్ల బల్బుకి రెండు వైర్లు అంటించుకున్నాను. నా దగ్గరున్న పనిముట్లన్నిటిలో దీనికే పెద్ద పీట. 2019లో డిక్కీలో సామాను పెట్టి మూత వేసినప్పుడల్లా ఫ్యూజు పోయేది. మార్చీ మార్చీ విసిగి, ఫ్యూజు బదులు ఈ బల్బుని అక్కడ తగిలించాను. ఎక్కడో షార్ట్ ఉంటే బల్బు నిండుగా వెలుగుతుంది, షార్ట్ విడిపోతే తగ్గిపోతుంది. మా అబ్బాయిని బల్బు దగ్గర కూర్చోబెట్టి నేను వెనక వైర్లు ఒక్కొక్కటీ కదుపుతూ వచ్చాను. డిక్కీ కీలు దగ్గర చెయ్యి పడగానే "నాన్నా, తగ్గింది!" అని అరిచాడు. నంబర్ ప్లేటు లైటుకి వెళ్లే వైరు ఆ కీలు పక్కనుంచి పోతుంది. ముప్పై ఏళ్లు మూత తీసీ వేసీ దాని తొడుగు చిట్లింది. కొత్త వైరు కొంచెం వదులుగా వేసి, కన్నానికి రబ్బరు బుష్ పెట్టాను. ఫ్యూజు పదే పదే పోతోందని దాని స్థానంలో రాగి తీగ చుట్టేవాళ్లని చూశాను. దయచేసి ఆ పని చేయకండి, తీగ బతికి బండి కాలిపోతుంది.

ఎల్ఈడీ బల్బులు 2020లో పెట్టాను. మొదటి రాత్రి చూసి మురిసిపోయాను. తర్వాత ఒక్కొక్కటే బయటపడ్డాయి. తెల్ల ఎల్ఈడీ ఎర్ర గ్లాసు వెనక గులాబీ రంగులోకి తిరుగుతుంది, ఎర్ర ఎల్ఈడీయే కొనాలి. పాత ఫ్లాషర్ లోపలి తీగ వేడెక్కి ఇండికేటర్ని కొట్టించేది. ఎల్ఈడీ తీసుకునే కొద్ది కరెంటుకి అది వేడెక్కదు, ఇండికేటర్ కొట్టుకోకుండా అలా నిలబడిపోయింది. ఎలక్ట్రానిక్ ఫ్లాషర్ వేయాల్సి వచ్చింది. రెండు వానాకాలాలకి ఒక బల్బులో సగం చుక్కలు చచ్చాయి. గ్లాసు కింద రబ్బరు ఎండిపోయి నీళ్లు దిగుతున్నాయని నేను చూసుకోలేదు, ఆ తప్పు నాదే. అయినా నలభై రూపాయల మామూలు బల్బు అవే నీళ్లలో ఐదేళ్లు బతికింది. మళ్లీ మామూలు బల్బులకే వచ్చేశాను. అన్నట్టు, రెండు తీగల బల్బుకి పక్కనుండే ముళ్లు ఒకటి పైకీ ఒకటి కిందకీ ఉంటాయి. తిరగేసి బలవంతంగా ఎక్కించకండి. నేను ఎక్కించాను. పార్కింగ్ వేస్తే బ్రేక్ పట్టినంత వెలుగు, బ్రేక్ తొక్కితే మిణుగురు పురుగు.

బెంగాల్లోని ఉత్తరపారాలో అంబాసిడర్ తయారీ 2014లో ఆగిపోయింది. ఇప్పుడు దొరికే కొత్త హోల్డర్లలో చాలావాటికి పల్చటి రేకే. నేను కొన్నవి ఏడాదికే తుప్పు పట్టాయి. పాత సామాన్లో ఇత్తడి హోల్డరు కనిపిస్తే వదలకండి. వెనిగర్లో ఓ రాత్రి నానబెట్టి బ్రష్‌తో రుద్దితే కొత్తదానికన్నా మేలు. ఇన్సులేషన్ టేపు నేను పూర్తిగా మానేశాను. మన ఎండలకి డిక్కీలో జిగురు కారిపోయి చేతికంటుకునేది. వైర్ల జాయింటుకి ఒకదాంట్లో ఒకటి దూరే బుల్లెట్ కనెక్టర్ నొక్కి, పైన వేడికి ముడుచుకునే స్లీవ్ వేస్తున్నాను. ఒక్కటీ ఊడలేదు.

నంబర్ ప్లేటు లైటు మొన్న మళ్లీ వెలిగీ వెలగనట్టుంది. ఈసారి ముందు బల్బు కొనడానికి వెళ్లలేదు, గరుకు కాగితం ముక్క తీసుకుని డిక్కీ దగ్గరికి వెళ్లాను.